మూడు చోట్ల చూసి చెప్పే మనిషి

ఈ ఎండాకాలం నుంచి సూర్యాపేటలో పుచ్చకాయ ముక్క కోసి చూపించడం మానేశారు. ఎవరు తీర్మానం చేశారో తెలియదు గానీ, కొత్త బస్టాండు నుంచి హైవే దాకా ఎందరు పుచ్చకాయల వాళ్లుంటే అందరిదీ ఒకటే మాట. ఇదివరకు చాకుతో మూడు మూలల ముక్క కోసి, కొనకు గుచ్చి మన ముఖం ముందు ఆడించేవాళ్లు. ఎర్రగా ఉంటే మనం తల ఊపేవాళ్లం. తెల్లగా ఉంటే వాళ్లే ఇంకో కాయ తీసేవాళ్లు. ఇప్పుడు కోయమంటే, "కోస్తే మీరే తీస్కవోవాలె సార్" అంటున్నారు. ఎలాగూ తీసుకుపోయేవాణ్ణయితే కోయమని ఎందుకడుగుతాను? ఈ ప్రశ్న ఒకతన్ని అడిగాను కూడా. అతను నా వెనకున్న ఆమెకు కాయ అందించాడు.

చివరికి ఒక కాయను వేలితో రెండుసార్లు కొట్టి, శబ్దం విని, ఏదో అర్థమైనట్టు ముఖం పెట్టి ఇంటికి తెచ్చాను. కోస్తే లోపల సొరకాయ రంగు. మా ఆవిడ దాన్ని చూసి, కూర వండమంటారా అని మాత్రం అడిగింది.

మా పుస్తకాల జట్టులో మిర్యాలగూడ ఆయనుంటే ఈ గొడవ లేదు. కోయించకుండానే అరచేతిలో పెట్టుకుని ఒకసారి బరువు చూసి, "నాకు తెల్వదు గానీ, గిది వద్దు సార్" అనేవాడు. ఆయన పోయి నెలన్నర అయింది. ఆ లోటు నాకు ముందు పుచ్చకాయల దగ్గర తెలిసిందంటే బాగుండదు గానీ, నిజం అదే.

పేరు రాయను. రాస్తే ఆయనకొచ్చే నష్టమేమీ లేదు. నాకే కొంచెం ఇబ్బంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే పని ఆయనది. లోడుతో వచ్చిన ట్రాక్టరు ఎక్కి, మోచేయి దాకా చెయ్యి దింపి, ముందొక చోట, నడుమ ఒక చోట, వెనకొక చోట పిడికెడు తీసి, ఇవి ఎంత పచ్చిగా ఉన్నాయి, ఎంత తాలుంది, ఆడిస్తే బియ్యం విరుగుతాయా నిలుస్తాయా అని చెప్పాలి. ఆ పని వల్ల కుడిచేతి చొక్కా ఎప్పుడూ మోచేతి పైకి మడిచి ఉండేది. ఎడమచేతిది మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉండేది. పెళ్లికొచ్చినా అంతే, దవాఖానకొచ్చినా అంతే. ఎడమవైపు నుంచి చూస్తే ఆఫీసరు, కుడివైపు నుంచి చూస్తే హమాలీ. జేబులో పెన్నుతోపాటు నాలుగు గింజలు ఎప్పుడూ ఉండేవి. మాట్లాడే ముందు ఒకటి తీసి పంటి కింద పెట్టి కటుక్కుమనిపించేవాడు. మనం సిగరెట్టు వెలిగించినట్టు.

నేను సూర్యాపేటలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. చదవడం నాకు వృత్తి. ఆయనకు పుస్తకాలతో ఏం పని అని మొదట్లో అనుకున్నాను. తర్వాత్తర్వాత, ఆయనుండగా నాకేం పని అని మిగతావాళ్లు అనుకోవడం మొదలుపెట్టారు.

మాది మూడూళ్ల పుస్తకాల జట్టు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. నెలకో ఊరు చొప్పున ఆదివారం పొద్దున కూర్చుంటాం. ఒక పుస్తకం అనుకుని, అందరూ చదివి వచ్చి మాట్లాడాలన్నది అప్పట్లో నియమం. ఒకరింట్లో పెళ్లి, ఇంకొకరికి కళ్లద్దాలు మార్చాలి, మరొకరి పుస్తకం బావమరిది పట్టుకుపోయాడు. మొత్తమ్మీద నలుగురం వచ్చేవాళ్లం. అందులో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. గంటసేపు మాట్లాడేవాణ్ణి. మిగతా ముగ్గురూ చాలా మర్యాదగా గోడ గడియారం చూసేవాళ్లు.

ఒకసారి ఆయనే అన్నాడు, "సదివినంక మాట్లాడుదమంటె ఎవ్వరు సదువుతలేరు సార్. సదవకముందే మాట్లాడుదం. దానికైతె అందరం తయారుగనే ఉన్నం."

నేను జోకనుకుని నవ్వాను. జోకులు నా శాఖ కాబట్టి, అది బాగుందని కూడా అన్నాను. అది జోకు కాదట. తర్వాతి నెల ఇరవైమందికి పైగా వచ్చారు. కుర్చీలు పక్కింటి నుంచి తేవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి మా జట్టు ఆచారం ఇదీ: ఎవరూ చదవని కొత్త పుస్తకం ఒకటి మధ్యలో పెడతాం. అది చేతులు మారుతుంది. అట్ట చూడొచ్చు, వెనక రాసింది చదవొచ్చు, ఎక్కడైనా తెరిచి రెండు వాక్యాలు చూడొచ్చు. తర్వాత లోపల ఏముంటుందనుకుంటున్నారో ఒక్కొక్కరే చెప్పాలి. నెల గడిచాక, చదివినవాళ్లు మళ్లీ కూర్చుని ఎవరి మాట దగ్గరగా వచ్చిందో తేల్చాలి. ఆ రెండో సభకు మళ్లీ ఆ పాత నలుగురమే.

పుస్తకం తన దాకా వచ్చేసరికి ఆయన కుడిచేతి చొక్కా ఇంకో మడత పైకి వేసేవాడు. పుస్తకాన్ని అరచేతిలో పెట్టి ఒకసారి ఎగరేసి పట్టుకునేవాడు. చెవి దగ్గర పెట్టుకుని పేజీలు బరబరా వదిలేవాడు, ఎండిన వడ్లు గలగలమంటున్నాయా అని విన్నట్టు. తర్వాత మొదట్లో ఒక చోట, నడుమ ఒక చోట, చివర ఒక చోట తెరిచి, పెదాలు కదుపుతూ రెండేసి వాక్యాలు. మూసేసి, ఒక గింజ కొరికి, "నాకు తెల్వదు గానీ..." అని మొదలుపెట్టేవాడు.

ఆ 'నాకు తెల్వదు గానీ' వినగానే అందరూ టీ గ్లాసులు కింద పెట్టేవాళ్లు. నేను ముప్ఫై ఏళ్లుగా 'నాకు తెలుసు' అని చెబుతున్నాను. నా క్లాసులో ఒక్కడు కూడా సెల్లు కింద పెట్టలేదు.

ఒక పెద్దమనిషి ఆత్మకథ పట్టుకుని, "నాకు తెల్వదు గానీ, గీయన ఇంటామె పేరు బుక్కు మొత్తంల ఒక్కసారే ఉంటది" అన్నాడు. నేను ఇంటికెళ్లి నాలుగు వందల పేజీలు చదివి లెక్కపెట్టాను. రెండుసార్లుంది. ఒకటి అంకితంలో. అంకితం పుస్తకంలోకి వస్తుందా రాదా అని రెండో సభలో నేను లేవనెత్తిన చర్చ ఎవరికీ రుచించలేదు.

ఒక కవితా సంపుటిని చెవి దగ్గర వదిలి, "ఎండలె సార్. ఇంకో ఆర్నెల్లు ఆరవెడితె నిలుస్తుండె" అన్నాడు. కవిగారు అక్కడే ఉన్నారు. టీ తాగకుండా వెళ్లిపోయారు. నేను అదే సంపుటి మీద మూడు వారాలు కష్టపడి రెండున్నర పేజీలు రాశాను. చెప్పింది మాత్రం ఇదే, 'ఎండలేదు' అన్న మాట తప్ప.

కోదాడలో ఒక పెద్దాయన ఉన్నారు. మందుల షాపు. మా కోదాడ సభలన్నీ ఆయన షాపు మీది గదిలోనే. ఒకరోజు మెట్లు దిగుతుంటే నా భుజం మీద చెయ్యేసి, "మాస్టారూ, మీరు చెప్పేది చాలా బావుంటుందండీ" అన్నారు. నేను సిగ్గుపడడానికి సిద్ధమవుతున్నాను. "కాకపోతే ఆయన చెప్పింది గుర్తుంటుందండీ" అన్నారు. మందులు అమ్మేవాళ్లకు ఏది ఎక్కడ పనిచేస్తుందో బాగా తెలుసు.

అప్పటి నుంచి నాకు ఒకటే రంది. ఈ మనిషి పుస్తకాలు ముందే దొంగచాటుగా చదివి వస్తున్నాడా? చదివి వస్తుంటే నాకేం బాధ లేదు. అప్పుడు ఆయనా నాలాంటివాడే, కాస్త నటన తెలిసినవాడు, అంతే. చదవకుండానే చెబుతున్నాడంటేనే కష్టం. నేను బతుకంతా చదివింది దేనికని ఎవరైనా అడగొచ్చు. ఇంకెవరూ అడగకపోయినా నేనే అడుగుతున్నాను.

తేల్చుకుందామని ఒక వానాకాలం పంట కోతల్లో మిర్యాలగూడ వెళ్లాను. బంధువులింటికి వచ్చానని చెప్పాను. ఆ ఊళ్లో నాకు బంధువులు లేరు. మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు, పచ్చి వడ్ల వాసన. ఆయన గదిలోకి తొంగి చూశాను. తేమ చూసే మిషను, టీ ఫ్లాస్కు, దేవుడి క్యాలెండరు ఉన్నాయి. పుస్తకమన్నది ఒక్కటీ లేదు. టేబులు సొరుగు కూడా లాగి చూశాను. అగరొత్తులున్నాయి.

బయట ఆయన ఒక ట్రాక్టరు మీద ఉన్నాడు. మూడు చోట్ల చెయ్యి దింపి, గింజలు అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఒకటి కొరికి, "తేమ పందొమ్మిది" అన్నాడు. కింద కుర్రాడు గింజలు మిషన్లో పోశాడు. పందొమ్మిది చూపించింది. మిషనే ఆయన్ను చూసి నేర్చుకున్నట్టుంది.

ట్రాక్టరు రైతుది మాడుగులపల్లి. ఒప్పుకోలేదు.

"మూడు చోట్ల చెయ్యి వెట్టి బండి మొత్తం సంగతి చెప్తవానె? నువ్వు పెట్టిన కాడనే వానకు తడిసిందనుకో. గా మూలకు జర పెట్టి సూడు."

ఆయన ఆ మూలకు పోయి, నాలుగో చోట చెయ్యి దింపాడు. తీసిన గింజలు నలిపి, కొరికి, కాసేపు ఆలోచించి, "నువ్వన్నదే నిజం. గీడ మంచిగున్నయ్. పదిహేడు రాసుకోండ్రి" అన్నాడు. తేమ తగ్గితే ధర పెరుగుతుంది. రైతు తలగుడ్డ దులిపి నెత్తిన పెట్టుకున్నాడు, గెలిచినట్టు.

కిందికి దిగాక నేను అన్నాను, "అన్నా, అందరి ముందు నీ మాట నువ్వే మార్చుకున్నవ్. నామోషీ అనిపించలేదా?"

"నామోషీ ఏంది సార్. నాలుగో చోట సూడుమని అడిగే హక్కు ఆయనకుంటది. బండి ఆయనది." ఫ్లాస్కులోంచి నాకు టీ పోసి, ఆయనే మళ్లీ అన్నాడు, "బుక్కులతోనే పరేషాన్. గవి నోరు తెరిచి అడుగవు గద."

ఆ మాట అప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోవలసింది. నేను చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాను.

ఇక ఒక నవల సంగతి చెప్పాలి. కిందటేడు వానలు తగ్గాక కోదాడ సభకు ఒక డిస్టోపియన్ నవల అనుకున్నాం. ఏదో భాష నుంచి తెలుగులోకి వచ్చింది. పేరు చెప్పను. చెబితే నా సమీక్ష వెతుకుతారు. ఒక నగరంలో ప్రతి మనిషీ రేపు ఏం చేస్తాడో ఇవాళే కాగితం మీద రాసివ్వాలి. రాసింది చేయకపోయినా నేరమే, రాయనిది చేసినా నేరమే. బూడిదరంగు అట్ట మీద వందల కిటికీలు, ఒక్కదాంట్లో దీపం.

ఇక్కడొక విషయం ఒప్పుకోవాలి. ఆ పుస్తకాన్ని నేను ముందే తెప్పించుకుని చదివాను. చదవకముందు సభకు చదివి వెళ్లాను. మా జట్టులో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. పక్కన పెన్సిలుతో గీతలు కొట్టాను, మార్జిన్లలో రాశాను. పద్నాలుగు పేజీల నోట్సు తయారైంది. దాన్ని అప్పటికప్పుడు తోచినట్టు చెప్పడానికి ఇంట్లో అద్దం ముందు రెండు రోజులు సాధన చేశాను. ఎక్కడ తడబడాలో కూడా రాసుకున్నాను.

సభలో ముందు ఆయనే అడిగాడు, "డిస్టోపియా అంటె ఏంది సార్?"

నేను ఏడు నిమిషాలు చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, "అంటె లైను మంచిగనే ఉంటది. అందరు లైన్ల నిలవడ్తరు. గానీ ముంగట ఏమిస్తున్నరో ఎవ్వరికి తెల్వదు. గంతేనా?" అన్నాడు.

అంతే. అంతకంటే ఏమీ లేదు. ఆ ఏడు నిమిషాలు నాకు ఎవరైనా తిరిగిస్తే బాగుండుననిపించింది.

నా వంతు వచ్చింది. అట్ట చూసి, అప్పుడే తోచినట్టు, అనుకున్న చోట తడబడుతూ, అధికారం గురించి, భయం గురించి, కాగితం గురించి చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. ఒకాయన బిస్కెట్టు ప్లేటు ఇంకొకరికి అందించాడు.

తర్వాత పుస్తకం ఆయన చేతికి వెళ్లింది. చొక్కా మడత పైకి. బరువు. చెవి. మూడు చోట్లు. గింజ కటుక్కుమంది.

"నాకు తెల్వదు గానీ, గీ బుక్కుల ఎవ్వరు తినరు" అన్నాడు.

పుస్తకం తిరిగి మధ్యలో పెట్టాడు.

"మూడు చోట్ల సూసిన. మొదట్ల ఒకడు మెట్లెక్కుతున్నడు. నడుమ ఇద్దరు గోడకు ఒరిగి గుసగుస పెడ్తున్నరు. ఆఖర్ల ఒకామె కాయిదం చింపుతున్నది. ఒక్క కాడ పొయ్యి లేదు, గిన్నె లేదు. రేపు ఏం చేస్తవో రాయుమంటె మనమైతె ఏం రాస్తం? ముందుగాల 'రేపు అన్నం తింట' అనే రాస్తం గద. వీళ్లు గది రాస్తలేరు. అంటె అన్నం రంది లేనోళ్లన్న కావాలె, అన్నం ఇక రాదని తెలిసినోళ్లన్న కావాలె. రెండిట్ల ఏదైనా నాకు బుగులైతున్నది. గింతమందికి ఎవరు వండుతున్నరు? గా వండేటోళ్లను ఏడ దాచిపెట్టిన్రు?"

ఆ మందుల షాపు పెద్దాయన నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. నేను రెండుసార్లు చదివినవాణ్ణి. ఆ మాట నాకు రాలేదు. కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నవలంతా మనసులో తిప్పాను. నిజమే, ఎవరూ తినరు. ఎంత వెతికినా ఒక్కరూ తినరు. ఆ పుస్తకం గురించి చెప్పదగ్గ మాట అదొక్కటే, అది ఆయన నోట్లో ఉంది. నా దగ్గర పద్నాలుగు పేజీలున్నాయి.

ఆ నెల చివర్లో ఒక పత్రిక ఆదివారం అనుబంధం వాళ్లు ఆ నవల మీద సమీక్ష రాయమన్నారు. రాశాను. మొదటి వాక్యం ఇది: 'ఈ నవలలో ఎవరూ అన్నం తినరు. వండేవాళ్లను రచయిత ఎక్కడ దాచాడన్నదే ఈ పుస్తకంలోని అసలు భయం.' 'ఒక మిత్రుడు అన్నట్టు' అని ఒక ముక్క వేశాను. తర్వాత చోటు చాలదని కొట్టేశాను. చోటు చాలింది. కింద నా ఫొటో కూడా వేశారు.

ఫోన్లు వచ్చాయి. హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరు 'ఎంత సూక్ష్మదృష్టి' అన్నాడు. నేను 'ఏదో' అన్నాను. మా జట్టు వాట్సాప్ గ్రూపులో మాత్రం పొద్దుటి నుంచి ఎవరూ పలకలేదు. అందరూ కోదాడలో విన్నవాళ్లే. ఆ మందుల షాపు పెద్దాయన ఒక్కరే ఫోను చేశారు. "ఆ వంట సంగతి ఎక్కడో విన్నట్టుందండీ మాస్టారూ." మంచి మాటలు అలాగే అనిపిస్తాయండీ అన్నాను.

మధ్యాహ్నానికి గ్రూపులో మిర్యాలగూడ నుంచి ఆయన మెసేజి వచ్చింది. రెండు చేతుల నమస్కారం, కింద 'బాగ రాసిన్రు సార్'. ఇక దాంతో అందరూ నమస్కారాలు పెట్టేశారు. ఆయన ఒక్క ముక్క తిట్టినా నాకు సులువుగా ఉండేది. ఆ నమస్కారాన్ని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియలేదు.

రెండో సభ సూర్యాపేటలో మా ఇంట్లో జరిగింది. ముసురు పట్టింది. ఇద్దరొచ్చారు, ఇద్దరూ చదవలేదు. కోతల సీజను కాబట్టి ఆయన రాలేదు. తర్వాత పదిహేను రోజులకు ఏదో పెళ్లికి వచ్చి, కాలేజీకి వచ్చి నన్ను కలిశాడు. ఎడమచేతి గుండీ, కుడిచేతి మడత.

"జర గా బుక్కియ్యండి సార్. ఇగ సదువుత."

"ఇప్పుడెందుకన్నా? చెప్పాల్సింది చెప్పేసినవ్ గదా."

"మీరు పేపర్ల ఏసిన్రు గద. ఇగ నేను సదవాలె."

నా కాపీ, నా గీతలున్న కాపీ, ఇచ్చాను. పుస్తకం తీసుకుని అలవాటుగా ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. నేను ఆయన్ను చూడడం అదే చివరిసారి. ఎండలు మొదలవుతుండగా, మిల్లులోనే, ట్రాక్టరు దిగి కూర్చుని లేవలేదట. ఆ వారం నాకు పరీక్షల డ్యూటీ. వెళ్లలేకపోయాను. అంటే, వెళ్లలేదు.

పుచ్చకాయ కోసిన మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కాను. పలకరించడానికే వెళ్లాను. పుస్తకం తెచ్చుకోవడం కూడా మనసులో ఉంది. ఇంకొకటి కూడా ఉంది: ఆ ఇంట్లో అలమరా ఒకటి ఉంటుందని, అందులో గీతలు కొట్టిన పుస్తకాలు వరసగా ఉంటాయని, అప్పుడు నా గుండె మీది బరువు దిగిపోతుందని.

ఆయన భార్య ముందుగదిలో చీరలకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి చీర పక్కన పెట్టింది. "కూసోండ్రి సార్. మీ ముచ్చట ఎప్పుడు చెప్తుండె" అంది. కాసేపు చెప్పవలసినవి చెప్పాను. నీళ్లిచ్చింది. అలమరా ఉంది. అందులో చీరలున్నాయి. పుస్తకం ఒక్కటే ఉంది, నాది. దాని మీద మడతపెట్టిన పేపరు, నా ఫొటో పైకి వచ్చేలా.

"గీ పేపరు జాగర్త చేసిండు సార్. 'మన మాట అచ్చయింది సూడు' అని నాకు చూపెట్టిండు. మరి సార్ పేరుంది గదయ్యా అన్న. 'సార్ రాసిండు కాబట్టి సార్ పేరుంటది' అన్నడు."

నేను మంచినీళ్లు తాగాను.

"అన్న పుస్తకాలు బాగా చదివేవాడా అమ్మా? సభకు రాకముందు?" అడగకుండా ఉండలేకపోయాను.

"ఏడ సదివిండు సార్. కళ్లు నొస్తయ్ అంటుండె. సదివిందంటె గిదొక్కటే. మిల్లుకు పోయేముంగట పొద్దుగాల గంటసేపు, నేను ఫాలు కుడ్తుంటె పెద్దగ సదివేటోడు. రెండు నెలలు సదివిండు. నేను మొత్తం విన్న. రేపటిది ఇయ్యాలనే రాసిచ్చుడు ఏంది సార్, నాకైతె నవ్వచ్చింది. మల్ల భయం గూడ అయింది."

అలా తేలింది. ఆయన సభకు ముందు ఏ పుస్తకమూ చదవలేదు. చదవకుండానే అన్నీ చెప్పాడు. బరువు దిగలేదు, ఇంకో బస్తా ఎక్కింది. పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. నడుమ ఒక చోట మిల్లు చీటీ ఉంది, తేమ రాసే చీటీ. వెనకవైపు పెన్సిలుతో ఆయన రాత: 'జావ. ఐదుగురు.'

"గదే సార్" అంది ఆమె, సూది చూపిస్తూ. "గాడ ముసలామె డబ్బల జావ కాస్తది గద, నేల కింది గదిల. ఐదుగురు గదే డబ్బల తిప్పుకుంట తాగుతరు. ఎంత మంచిగ రాసిండు. గది సదువుతుంటె నేను సూది ఆపిన. 'ఆగు. గీ బుక్కుల ఎవ్వరు తినరని కోదాడల చెప్పచ్చిన అన్నవ్ గద. మరి గీమె ఏంజేస్తున్నది?' అని అడిగిన."

"ఏమన్నాడు?"

"ఏమంటడు. మొకం చిన్నగ చేసుకున్నడు. మల్ల ఒకటే నవ్వుడు. 'నాలుగో కాడ చెయ్యి వెట్టలేదే' అన్నడు."

చీటీ ఉన్న పేజీ చూశాను. జావ ఉంది. ఒక పేజీ కాదు, ఐదు పేజీల జావ. ముసలామె గిన్నె లేక డబ్బాలో కాచింది. పొంగితే ఊదింది. ఒక్కొక్కరు రెండు గుక్కలు తాగి పక్కవాళ్లకు ఇచ్చారు. మార్జిన్లో నా పెన్సిలు రాత ఉంది, కింద రెండు గీతలతో: 'ఆశకు ప్రతీక'.

ఒక్క క్షణం సంతోషమేసింది. దాచను. ఇన్నేళ్లలో ఒక్కసారి ఆయన తప్పు చెప్పాడు, అదీ పుస్తకం మొత్తానికి ముఖ్యమైన చోట, దానికి అచ్చులో సాక్ష్యం కూడా ఉంది. అచ్చులో ఉన్న పేరు ఎవరిదో ఆ తర్వాత గుర్తొచ్చింది.

"నాకు గూడ చెప్పద్దన్నడు సార్. 'సార్ పేపర్ల ఏసిండు, లెక్చరరు, పిలగాండ్ల ముంగట ఇజ్జత్ పోతది, ఎవ్వరికి అనకు' అన్నడు. గిన్నొద్దులు నేను అనలె."

ఆమె చీర మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. దారం పంటితో తెంపి, సూదికి ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయనంటె సదవకముందు చెప్పిండు. మీరు సదివినంకనే రాసిన్రు గద సార్?"